ఎంగిలి చేయి

మా తమ్ముడికి ఉన్నట్టుండి పెద్దమ్మ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కారులో ముందు సీటు ఆమెకే ఇచ్చాడు. దిగేటప్పుడు డోరు తీసి పట్టుకుని, "మెల్లగా పెద్దమ్మా, ఈడ మెట్టుండాది" అన్నాడు. నేను వెనక సీట్లోంచి నా మోకాళ్ళు నేనే పట్టుకుని దిగాను. నాకూ అరవై దాటాయి. నాకెవరూ మెట్టు చూపించలేదు.

వాడు నా తోడబుట్టినవాడు కాదు. మా చిన్నాయన కొడుకు, ఆయన రెండో భార్యకు పుట్టినవాడు. ముందు సీట్లో కూర్చున్న ముసలామె ఆయన మొదటి భార్య. వాడికి పెద్దమ్మ, నాకు చిన్నమ్మ. ఆమె మా ఇల్లు విడిచిపోయి యాభై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఆమె బతికుందా పోయిందా అని మా ఇంట్లో అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడేమో సోలార్ కంపెనీ వాళ్ళకు ఇంకా భూమి కావాలట. చనిపోయిన చిన్నాయన పేరు మీదున్న చేను రాసివ్వాలంటే, విడాకులు లేని మొదటి భార్య కాబట్టి ఆమె వేలిముద్ర కూడా పడాలని ఆఫీసులో చెప్పారట. అంతే, మావాడు మరునాడే కారేసుకుని మంగళవాడ పక్క పల్లెకు పోయి, ఆమె కాళ్ళకు మొక్కి తీసుకొచ్చాడు. మొక్కాడని వాడే చెప్పాడు. నేను చూడలేదు.

వేలిముద్ర పని పొద్దున్నే అయిపోయింది. అట్లాగే బస్సెక్కించి పంపితే చూసేవాళ్ళకు బాగుండదని, భోజనం పెట్టించి పంపుదామన్నాడు. పావగడ దారిలో కొత్తగా వెలసిన ఫ్యామిలీ రెస్టారెంటు అది. సోలార్ పార్కు వచ్చాక ఇట్లాంటివి నాలుగైదు వెలిశాయి. ఉత్తరాది ఇంజనీర్లు వస్తారని బటర్ నాన్ అంట, పనీర్ అంట, గోడంతా బొమ్మలే. లోపల ఏసీ చలి. వడ్డించే మనిషికి తెలుగూ రాదు, కన్నడమూ రాదు. మా తాలూకాలో మేమే వేలితో బొమ్మలు చూపించి అన్నం అడుక్కోవాల్సి వచ్చింది.

తమ్ముడు మెనూ కార్డు తిప్పుతూ, "ఏం తింటావు పెద్దమ్మా? బిర్యానీ చెప్పేదా? మెత్తగా ఉంటాది, గోబీ చెప్పేదా?" అన్నాడు.

ఆమె కార్డు వైపు చూడలేదు. పక్క టేబులు మీదికి పోతున్న పళ్ళెం వైపు చూసింది. "మసాలా దోసె ఉంటే ఒకటి చెప్పు నాయనా" అంది.

నా వైపు చూడకుండానే అంది. నేను చేతిలో నీళ్ళ గ్లాసు కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకున్నట్టు చేసి, ఇదిగో ఇప్పుడు మీకు చెబుతున్నదంతా ఆ ఐదు నిమిషాల్లో తలుచుకున్నాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మాది అరసికెరె పక్క పల్లె. వాన పడితే చెనిక్కాయలు, పడకపోతే ఉలవలు, అదీ లేకపోతే దేవుడున్నాడు. మా ఇంట్లో పెత్తనమంతా అవ్వది. మా తాత కూడా ఎద్దులు అమ్మాలన్నా కొనాలన్నా దొడ్లోకి పోయి అవ్వను అడిగివచ్చేవాడు. అవ్వ నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. తప్పు చేసిన పిల్లల్ని కొట్టేది కాదు. నిప్పుల మీద ఎండుమిరపకాయలు వేసి, ఆ పొగ మీదికి మెడ వంచి పట్టుకునేది. మా అన్న ఒకసారి ఉట్టి మీది బెల్లం తిని ఆ పొగ తిన్నాడు. మూడు రోజులు కళ్ళు విప్పలేదు. ఆ దగ్గు విన్నాక నేను బెల్లం ఊసే మానేశాను.

చిన్నమ్మ మా ఇంటికి వచ్చి అప్పటికి ఐదేళ్ళు. ఇంకా కడుపు పండలేదు. ఆ మాట ఆమె ముందర ఎవరూ అనేవాళ్ళు కాదు, ఆమె నీళ్ళకు పోగానే అందరూ అనేవాళ్ళు. పిల్లలు లేని ఆ ఇల్లాలు నన్నే చంకనేసుకుని తిరిగింది. నా తలలో పేలు తీసింది ఆమె. నాకు ఊరుబిండి నూరి, రాగిసంగటి మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి పెట్టింది ఆమె. మా అమ్మకు నా తర్వాతి పిల్లలతోనే సరిపోయేది. అబద్ధమెందుకు, నాకు అప్పట్లో అమ్మంటే చిన్నమ్మే.

చెనిక్కాయలు విత్తే కాలం వచ్చిందంటే మా ఇంటి వాసనే మారిపోయేది. మూటలు విప్పి కాయలు కుప్ప పోసేవాళ్ళు. కాస్త నీళ్ళు చల్లి మెత్తబరచి, ఇంటిల్లిపాదీ కూర్చొని ఒలిచేవాళ్ళం. మట్టి వాసన, పచ్చిగింజల వాసన, అవ్వ నోట్లో వక్కాకు వాసన, అన్నీ కలిసిపోయేవి. ఒలిచేటప్పుడు ఒక్క గింజ నోట్లో వేసుకున్నా అవ్వకు తెలిసిపోయేది. "విత్తనం తింటే వంశం తిన్నట్టే మే" అని కసిరేది. వేళ్ళ చివర్లు బొబ్బలెక్కేవి. ఆ బొబ్బల మీద చిన్నమ్మ ఉమ్ము రాసి, "పెండ్లికూతురి చేతులు పాడైపాయె" అని నవ్వించేది.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. విత్తనాలు వేసే గొర్రు మీద చెక్కగిన్నె ఉంటుంది, దాన్ని జడ్డిగం అంటాం. గొర్రు కదులుతుంటే దాని వెంట నడుస్తూ అందులో గింజలు పోసేది ఇంటి ఆడమనిషి. మొదటి రోజు పోసే చెయ్యి ఎవరిదైతే ఆమె మూడు రోజుల ముందు నుంచీ ఒక్కపొద్దు ఉండాలి. ఒకపూటే తినాలి, అదీ ఇంటి పొయ్యి మీద ఉడికిందే తినాలి. బయటి కూడు తాకిన చెయ్యి విత్తనం ముట్టకూడదు. ఆ చేతికి కొత్త ఆకుపచ్చ గాజులు తొడగాలి. ఆ ఏడు అవ్వ చిన్నమ్మను విత్తమంది. "విత్తనం పోసిన చేతికి కడుపు కూడా పండుతాదంటారు, చూద్దాం" అంది. చిన్నమ్మ మొహం చూడాల్సింది ఆ పొద్దు. దొడ్లో పేడ ఎత్తుతూ కూనిరాగం తీసింది.

గాజులు తొడిగించుకోవడానికి విత్తే ముందురోజు పావగడకు పోయాం. చిన్నాయన బండి కట్టాడు. నేను ఏడ్చి ఏడ్చి వెంటపడ్డాను. బజారులో గాజులంగడి ముందు మమ్మల్ని దింపి, మోకులు కొనుక్కొస్తానని ఆయన పోయాడు. గాజులామె చిన్నమ్మ చెయ్యి నొక్కి నొక్కి డజను గాజులు ఎక్కించింది. అంతవరకు నేను బుద్ధిగానే ఉన్నాను. గాజులంగడి పక్కనే శెట్టిగారి హోటలు ఉంది. అక్కడే వచ్చింది తంటా.

దోసెలు పోసే మనిషి పెనం మీద నీళ్ళు చల్లి చీపురుతో ఊడ్చేవాడు. చుయ్ మని ఆవిరి లేచేది. ఆ వెనకే పిండి వాసన, నెయ్యి వాసన, ఎర్రకారం వాసన. పొద్దున తిన్న సంగటి ఎప్పుడో అరిగిపోయింది. మా బడిలో పటేలు కూతురు ఒకతి ఉండేది. తాను మసాలా దోసె తిన్నానని, లోపల ఉర్లగడ్డ పల్యం దాచిపెడతారని రోజూ చెప్పి చెప్పి మమ్మల్ని చంపేది. నేను గాజులంగడి అరుగు మీద కూర్చొని కాళ్ళు తన్నుకుంటూ ఏడ్చాను.

"అమ్మా తల్లీ, మనం హోటల్లోకి పోకూడదు, ఆడోళ్ళు యాడన్నా హోటల్లో కూర్చుంటారా, మీ అవ్వ తోలు తీస్తాది" అని చిన్నమ్మ బతిమాలింది. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. బజారంతా చూస్తోంది. చివరికి ఆమె కొంగుముడి విప్పింది. వాళ్ళమ్మ ఎప్పుడో ఇచ్చిన చిల్లర అందులో దాచుకుంది.

శెట్టిగారు గల్లా దగ్గర్నుంచి, "ఏమ్మా, ఆకులో కట్టియ్యాల్నా?" అని అడిగాడు. పల్లె ఆడవాళ్ళు వస్తే కట్టించుకుని పోవడమే అలవాటు. నేను ఊరుకుంటేనా! "ఈడనే తింటా" అన్నాను. ఆయన నవ్వి, లోపల తెర కట్టిన చిన్నగది చూపించాడు. ఆ తెర నూనె పట్టి నల్లగా ఉంది. బల్ల మీద పాలరాయి చల్లగా ఉంది. దోసె వచ్చింది, నా మోచేయంత పొడుగు. వేలితో పొడిస్తే ఆవిరి వచ్చింది. పల్యంలో ఉల్లిగడ్డ తియ్యగా ఉంది. అట్లాంటి రుచి అంతకు ముందు ఎరగను, నిజం చెబుతున్నాను, ఆ తర్వాతా ఎరగను.

చిన్నమ్మ నాకెదురుగా, తెర సందులోంచి బజారు వైపు ఒక కన్ను పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ ఆమె కడుపులో మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. చివరి ముక్క చట్నీలో ముంచి ఆమె నోటి దగ్గర పెట్టాను. మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. "ఒక్కపొద్దు ఉండాను కదే. నువ్వు తిను. విత్తనమయినాక ఒకనాడు ఇద్దరమూ వచ్చి చెరొకటి తిందాం" అంది. నేనే తినేశాను. నా మూతి తన కొంగుతో తుడిచి, "ఇంట్లో చెప్పొద్దు" అని ఒట్టు వేయించుకుంది.

మరునాడు విత్తారు. మేం పావగడకు పోయే ముందు రాత్రి మంచి పదును వాన పడింది. ఎర్రనేల మెత్తగా ఉంది. అప్పటికి మృగశిర కార్తె పోయి ఆరుద్ర వచ్చింది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదని తాత పదిసార్లు అన్నాడు. టెంకాయ కొట్టారు. ఆకుపచ్చ గాజులు గలగలమంటుండగా చిన్నమ్మ గొర్రు వెంట నడిచింది. మూడో సాలు చివర, మగవాళ్ళు ఎద్దులు తిప్పుతున్నప్పుడు, నేను ఆమె వెంట పరిగెత్తి, "నేనూ ఏస్తా, నేనూ ఏస్తా" అని గొడవ చేశాను. అటూ ఇటూ చూసి నా పిడికిట్లో నాలుగు గింజలు పెట్టింది. నేను వాటిని జడ్డిగంలో వేశాను. ఎంత సంబరపడ్డానో.

ఆ తర్వాత వాన పడలేదు.

పది రోజులు చూశారు. ఇరవై రోజులు చూశారు. మొలకలు లేచి, రెండాకులు విప్పి, ఆగిపోయాయి. పొద్దున్నే గాలి, మధ్యాహ్నం గాలి, సాయంత్రం గాలి. మబ్బులు మా నెత్తి మీదుగానే ఎక్కడికో పోయేవి. పునర్వసు కూడా ఎండిపోయింది. తాత చేనికి పోవడం మానేసి అరుగు మీద పడుకున్నాడు. మా అమ్మ సంగటి ముద్దలు చిన్నవి చేసింది. ఆకలి కన్నా ఇంట్లో మాటల్లేకపోవడానికి నాకు ఎక్కువ భయమేసేది.

అవ్వ సోది అడగడానికి పోయింది. ఊరవతల సోది చెప్పే ముసలామె ఒకతి ఉండేది. ఆమె చాటలో బియ్యం పోసి, కళ్ళు మూసుకుని, "విత్తిన చెయ్యి ఎంగిలి చెయ్యి" అని చెప్పిందట. ఆ మాట అవ్వ కన్నా ముందే మా వీధికి చేరింది. అవ్వ వచ్చీ రాగానే పొయ్యిలోంచి నిప్పులు పెంకులోకి ఎత్తింది. ఎండుమిరపకాయలు గుప్పెడు తీసి పక్కన పెట్టుకుంది. మమ్మల్నందరినీ దొడ్లోకి పిలిచింది.

నేను అక్కడే చచ్చిపోయాననుకోండి. ఎంగిలి చెయ్యి నాది. దోసె తిన్న చెయ్యి నాది. ఆ చేతితోనే జడ్డిగంలో గింజలు వేశాను. మా ఊరి వాన ఆపింది నేను. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇది ఎంత నిజమో మీకు చెప్పలేను. పొద్దు కిందికి దిగుతోంది, పెంకులో నిప్పులు ఎర్రగా ఉన్నాయి.

అవ్వ ఎవరినీ అడక్కుండా నా మొహం చూసింది. నా మెడ పట్టుకుంది.

"చెప్పు మే. గాజులకు పోయినపొద్దు ఏం జరిగినాది?"

"ఏమీ లేదవ్వా."

"హోటలుకు పోయినారా?"

ఎట్లా కనిపెట్టిందో తెలియదు. ఏ గాజులామో చెప్పి ఉంటుంది. మెడ మీద చెయ్యి బిగిసింది. అవ్వ రెండో చేత్తో ఒక్క మిరపకాయ నిప్పుల్లో వేసింది. ఘాటు ముక్కుకు తగిలింది.

"చిన్నమ్మే పోదామనింది" అన్నాను. "చిన్నమ్మే తినింది. నేను తినలేదవ్వా. చిన్నమ్మే దోసె తినింది."

చిన్నమ్మ నీళ్ళతొట్టి దగ్గర నిలబడి ఉంది. నా వైపు చూసింది. అవ్వ చేతి కింద వంగిన నా మెడ చూసింది, నిప్పులు చూసింది. "అవునత్తా, నేనే తిన్నాను. పిల్లను వదిలిపెట్టు" అంది.

అవ్వ నన్ను వదిలేసింది. నేను పరిగెత్తుకుంటూ పోయి గడ్డివామి వెనక దాక్కున్నాను. ఏమాటకామాట చెప్పాలి, ఆ క్షణంలో నాకు సిగ్గనిపించలేదు, బాధ అనిపించలేదు. పొగ తప్పిందని మాత్రమే అనుకున్నాను.

ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. అదే ఘోరం. వారం రోజులు ఆమె చేతి నీళ్ళు ఎవరూ తాగలేదు. చిన్నాయన ఆమె వైపు చూడడం మానేశాడు. మా అమ్మ నోరు మెదపలేదు, ఆమె కూడా ఆ ఇంటి కోడలే మరి. నేను ఆ వారమంతా చిన్నమ్మ కంట పడకుండా తిరిగాను. ఆమె పిలిస్తే వినపడనట్టు బడికి పోయాను. ఎనిమిదో నాడు పొద్దున బండి కట్టారు. అవ్వ ఆమె తలకు నూనె రాసి, బొట్టు పెట్టి, "పొయ్యిరా తల్లీ, వాన పడినాక పిలిపిస్తాం" అంది. రేకుపెట్టె బండిలో పెట్టారు. ఆమె బండెక్కి నా కోసం వెతికింది. నేను గుంజ చాటున నిలబడి ఉన్నాను. నోట్లో మాట తిరుగుతూనే ఉంది, 'తినింది నేను' అని రెండే మాటలు. బండి మలుపు తిరిగేదాకా అవి నోట్లోనే ఉన్నాయి.

పది రోజులకు వాన పడింది. చెరువులో నీళ్ళు చేరేంత వాన. చెనిక్కాయ ఎప్పుడో మాడిపోయింది కాబట్టి ఉలవలు చల్లారు. "చూసినారా, ఆయమ్మ గడప దాటినాది, వాన ఊర్లోకి వచ్చినాది" అని ఊరంతా అంది. మరి వాన పడితే పిలిపిస్తామన్న మాట ఏమైందని ఒక్కరైనా అడగలేదు. మరుసటి ఏడు చిన్నాయనకు మళ్ళీ పెళ్ళి చేశారు. ఆ పెళ్ళిలో నేను కొత్త పావడా కట్టుకుని పాయసం రెండుసార్లు పోయించుకున్నాను. కొత్తగా వచ్చినామె మంచిదే. తమ్ముడు పుట్టాడు. ఇంట్లో అందరూ సంతోషంగానే ఉన్నారు.

అవ్వ మాత్రం ఆ తర్వాత నన్నెప్పుడూ విత్తనం ముట్టనివ్వలేదు. ఒలిచే దగ్గరికి పోతే, "నువ్వు పొయ్యి చదువుకో పో" అని తరిమేది. నా మీద ప్రేమ అనుకున్నాను. అందరికీ అట్లాగే చెప్పుకున్నాను, మా అవ్వ నన్ను పనికి పంపకుండా చదివించింది అని.

ఇప్పుడు ఆ చేలల్లో గొర్రూ లేదు, జడ్డిగమూ లేదు. ఆ చివర్నుంచి ఈ చివరి దాకా నల్ల పలకలు. వాన పడకపోతే ఎవరి గుండె చప్పుడూ మారదు. మబ్బు పడితేనే కరెంటు తగ్గిపోతుందని మా తమ్ముడు చెబుతాడు. వాన కోసం ఒక ఆడమనిషిని ఇంట్లోంచి గెంటిన ఊరు ఇది. వింటుంటే నాకు నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

దోసె వచ్చింది. రెస్టారెంటువాళ్ళు దాన్ని టోపీలాగా నిలబెట్టి తెచ్చారు. చిన్నమ్మ దాన్ని కాసేపు చూసింది. అంచు తుంచి, చట్నీ లేకుండా నోట్లో వేసుకుంది. పళ్ళు లేవు, చిగుళ్ళతో నమిలింది. నమిలి, మింగి, మొట్టమొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"ఇదేనా మే? దీనికేనా?" అంది.

ఇంక నావల్ల కాలేదు. తమ్ముడి ముందరే, పక్క టేబుళ్ళవాళ్ళు వింటారన్న సోయి కూడా లేకుండా చెప్పేశాను. దోసె తిన్నది నేనని, చిన్నమ్మ ఒక్క ముక్క ముట్టలేదని, జడ్డిగంలో గింజలు వేసింది కూడా నేనని, పొగకు భయపడి ఆమె మీద వేశానని. చెబుతుంటే గొంతు పిల్లదానిలా సన్నమైపోయింది. తమ్ముడు ఫోను పక్కన పెట్టి నోరు తెరిచాడు.

"అక్కా, ఎప్పుడో అయిపోయిన మాటలు ఇప్పుడెందుకు? అన్నం చల్లారిపోతాది తిను" అన్నాడు. వాడి బాధ వాడిది. ఆ దోసె లేకపోతే వాడు పుట్టేవాడే కాదు.

"చెప్పనీ నాయనా" అంది చిన్నమ్మ. నా వైపు తిరిగి, "మీ అవ్వకు తెలుసులే" అంది.

నాకు అర్థం కాలేదు.

"నిప్పులు పెట్టిన మరుసటి పొద్దున్నే చెప్పినాను. మీ అవ్వ దొడ్లో పాలు పిండతా ఉంటే పొయ్యి కాళ్ళు పట్టుకున్నాను. 'అత్తా, నేను తినలేదు, పిల్ల ఆకలికి తినింది. గింజలు నేనే దాని చేతికిచ్చినాను. ఆ తప్పు నాదే, ఏమన్నా అనుకో, ఇంట్లో మాత్రం పెట్టుకో' అన్నాను. మీ అవ్వ చెంబు కింద పెట్టినాది. 'నువ్వు తినేదానివి కాదని నాకు తెలుసు మే. వానను ఆపిన పిల్ల అని పేరు పడితే రేపు దాన్ని ఎవురు చేసుకుంటారు? కోడలు పోతే ఇంకో కోడలొస్తాది. మనవరాలు యాడ నుంచి వస్తాది?' అన్నాది. మళ్ళా పాలు పిండుకున్నాది."

నన్నెందుకు విత్తనం ముట్టనివ్వలేదో అప్పుడు తెలిసింది. నా చదువు, నా పెళ్ళి, నా పిల్లలు, అన్నింటికీ ఈమెనే ఖర్చు పెట్టింది మా అవ్వ. తెలిసే పెట్టింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "నన్ను క్షమించు చిన్నమ్మా" అన్నాను. ఏడుస్తూనే అన్నాను. ఏడిస్తే కరుగుతుందనే ఆశ కూడా ఉందేమో, దాచడమెందుకు.

ఆమె చెయ్యి లాక్కోలేదు. అట్లాగే ఉంచింది.

"ఆ తొమ్మిదేండ్ల పిల్లను ఏపొద్దో క్షమించినాను. ఆ పిల్ల మీద నాకు కోపమే లేదు. ఆ పొగకు బయపడి నేనైనా అంతే చెప్పుంటాను. మరి ఇరవై ఏండ్లప్పుడు ఏమైనావు? నలభై ఏండ్లప్పుడు? మీ అవ్వ పాయె, మీ చిన్నాయన పాయె. అప్పుడన్నా ఎవురికి బయపడినావు మే?"

నేను ఆమె చెయ్యి వదిలేశాను.

"నువ్వు వస్తావని చూసినాను. మీ ఇంటికి తీసుకుపోతావని కాదు. ఒక్కతూరి వచ్చి, 'చిన్నమ్మ తినలేదు, నాకు తెలుసు' అని మా అమ్మ ముందర ఒక్క మాట అంటావని. మా అమ్మ కూడా నమ్మలేదు. 'నోరు కట్టుకోలేక కాపురం పోగొట్టుకొచ్చినావు' అని పొయ్యేదాకా అన్నాది. చచ్చిపొయ్యేనాడు కూడా నా చేత నీళ్ళు తాగలేదు. ఇప్పుడు చెప్పినావు. ఇప్పుడు ఎవురికి చెప్తావు? ఈ అబ్బికా?"

దోసె అంతా అట్లాగే ఉండిపోయింది. ఆమె నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, "పొద్దు పోతాది, బస్సుకు దింపండి" అంది. కారులో ఇంటిదాకా దింపుతానని తమ్ముడు ఎంతో బతిమాలాడు. ఒప్పుకోలేదు. వేలిముద్ర అయిపోయింది కాబట్టి వాడు కూడా ఎక్కువసేపు బతిమాలలేదు. బస్టాండులో ఆమె బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. నేను కింద నిలబడ్డాను. బస్సు కదిలేదాకా ముందున్న సీటు వైపే చూసింది.

నన్నిచ్చిన ఊరు ఎంత దూరమని ఆమె అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉంది. పుట్టింటి నుంచి అక్కడికి పోవాలంటే మంగళవాడ మీదుగానే పోవాలి. పెళ్ళయిన నాటి నుంచి ఏడాదికి నాలుగైదుసార్లు ఆ దారిలో పోయాను, వచ్చాను. వాళ్ళ పల్లెకు చీలే దగ్గర బస్సు ఆగుతుంది. దిగితే ఎంతసేపు, పది నిమిషాల నడక. చంకలో బిడ్డలున్నప్పుడు పోయాను, బిడ్డలు పెద్దయ్యాక ఒంటరిగానూ పోయాను. ఆ స్టాపు దగ్గర పడుతోందనగానే కళ్ళు మూసుకుని, కిటికీకి తల ఆనించి, నిద్రపోయినట్టు నటించేదాన్ని. కండక్టరు ఊరి పేరు అరిచేవాడు, నలుగురు దిగేవాళ్ళు, బస్సు కదిలేది. అప్పుడు కళ్ళు తెరిచేదాన్ని. ఎవరి కోసం నటించానో నాకే తెలియదు. ఆ బస్సులో నన్నెరిగినవాళ్ళు ఒక్కరూ ఉండేవాళ్ళు కాదు.